రెండో చరణం తీసేస్తే కథే మారిపోయింది: ఒక తెలుగు పాట, మూడు వెర్షన్లు

చెన్నై సాలిగ్రామంలో చిన్న మాస్టరింగ్ గది నడుపుతున్నాను, అంటే పూర్తయిన పాటకి చివరి మెరుగు దిద్దే చోటు. సినిమా పనులు తక్కువ, సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళ పనులు ఎక్కువ. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక పాట గురించి. పాడి రాసిన అబ్బాయి పెరంబూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు, పగలు ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం. ట్యూన్ కట్టి వయొలిన్ వాయించిన అమ్మాయిది వడపళని. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. పాట వివరాలు, మాటలు రాసుకోమన్నారు.

ఆల్బమ్‌లో ఆ పాట నిడివి 6 నిమిషాల 3 సెకన్లు. ఆల్బమ్‌కి ముందే సింగిల్‌గా, అంటే విడి పాటగా, పాటల యాప్‌లలో పెట్టాలి, హైదరాబాద్‌లోని ఒక ఎఫ్‌ఎమ్ స్టేషన్‌కి రేడియో వెర్షన్ పంపాలి. స్టేషన్ వాళ్ళ షరతులు సూటిగా ఉన్నాయి: మూడుంపావు నిమిషాలు దాటకూడదు, పది సెకన్లలోపు గొంతు వినపడాలి, చివర్న మెల్లగా సన్నబడిపోయే ఫేడవుట్ వద్దు. పాటను జనంలోకి పంపే కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేసి దారి కూడా చెప్పేశారు. "రెండో చరణం తీసేయండి మేడమ్, సరిపోతుంది. సినిమాల్లో ఎన్ని పాటలకి తీయట్లేదు?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. రికార్డు మీద రెండు చరణాలుండి తెర మీద ఒకటే వినపడిన పాటలు మనకి కొల్లలు. అంతకుముందు 78 స్పీడు రికార్డుల కాలంలో ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది కాబట్టి పాటనే ఆ కొలతకి కట్టేవారు. పట్టకపోతే మిగతాది రెండో వైపుకి వెళ్ళేది. తర్వాత వచ్చిన 45 స్పీడు సింగిల్‌లో కాస్త ఎక్కువ పడుతుంది గానీ, నిడివి పెంచితే గాడులు దగ్గరవుతాయి, లెవెల్ తగ్గించి కోయాల్సి వస్తుంది. పాట గట్టిగా వినపడాలంటే పొట్టిగా ఉండటమే మేలు. రేడియోకి ఇంకో లెక్క ఉంది. గంటలో ఎన్ని పాటలు, ఎన్ని ప్రకటనలు పడితే అంత మంచిది. మూడు నిమిషాల అలవాటు ఈ రెంటి వల్ల స్థిరపడింది. సాంకేతికంగా ఇప్పుడు దాని అవసరం లేదు, అయినా అలవాటు పోలేదు.

అమెరికా రాక్ బృందం డోర్స్ పాట 'లైట్ మై ఫైర్' 1967లో ఆల్బమ్ మీద ఏడు నిమిషాలు. సింగిల్ మీద మూడు కూడా లేదు. మధ్యలో ఆర్గన్, గిటార్ సోలోలు మొత్తం ఎగిరిపోయాయి. పల్లవి, చరణాలు మాత్రం నిలిచాయి. అందరూ నేర్చుకున్న సూత్రం అదే, వాద్యాన్ని కోయి, మాటని ఉంచు. దాన్ని లెక్కచేయనివాళ్ళూ ఉన్నారు. 1975లో బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ వాళ్ళు 'బొహీమియన్ రాప్సడీ'ని దాదాపు ఆరు నిమిషాలూ ఉంచి సింగిల్‌గా వదిలారు, రేడియోలు వేశాయి కూడా. మా అబ్బాయి ఈ ఉదాహరణే పట్టుకుని కూర్చున్నాడు. "కుదించకుండా పంపితే ఏమవుతుందక్కా?" అని. కొత్తవాళ్ళ పాటని ఆరు నిమిషాలు ఎవరూ వేయరు, ఫైలు తెరవను కూడా తెరవరు. ఆ మాటే చెప్పాను.

పాటలో ఏముందో చూద్దాం. పల్లవి ఇది:

నువ్వొస్తావని చెప్పింది వాన
నన్ను తడిపి వెళ్ళింది వాన

మొదటి చరణంలో అతను స్టేషన్‌లో ఎదురుచూస్తుంటాడు, ఆమె రాదు. ఆ చరణం చివరి పాదం "మాట మీద నిలబడదే ఇది" అని ఆగి పల్లవి అందుకుంటుంది. నువ్వొస్తావని చెప్పింది వాన. అంటే వాన మాట తప్పింది. రెండో చరణం మొదటి సగంలో ఆమె వదిలివెళ్ళిన గొడుగు సంగతి వస్తుంది. రెండో సగం ఇలా:

అదే గొడుగు, అదే నవ్వు
ఆఖరి బోగీ దిగి వస్తుంటే
ఎంత నిజం చెప్పిందో చూడు

ఇక్కణ్ణుంచి మళ్ళీ అదే పల్లవి. ఒక్క అక్షరం మారదు, అర్థం మాత్రం తిరగబడుతుంది. మొదటిసారి నిష్ఠూరం, రెండోసారి సంబరం. పాట బలమంతా ఆ మలుపులోనే ఉంది. రెండో చరణం తీసేస్తే పాట కుదించినట్టు కాదు, ఆమె రానట్టే. రేడియోలో విన్నవాడికి అది విరహగీతం, ఆల్బమ్ కొన్నవాడికి కలయిక పాట. కోత పెట్టేముందు చరణం చివరి పాదం పల్లవిలోకి ఏ అన్వయంతో దిగుతోందో చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే. తెలుగు పాటల్లో చాలావాటికి పల్లవి, చరణాలు విడివిడి గదులు కావు. చరణం వాక్యాన్ని సగంలో వదిలితే పల్లవి దాన్ని పూర్తి చేస్తుంది. తెర మీద వేవ్‌ఫామ్ గీతలు చూసి కత్తెర పెట్టేవాళ్ళకి ఈ ముడి కనపడదు.

సింగిల్ సంగతి ముందు తేల్చేశాం, అది తేలిక. పాట నిమిషానికి 90 బీట్లు, నాలుగు బీట్ల బార్, అంటే బార్‌కి రెండున్నర సెకన్ల పైన. ఆల్బమ్‌లో ముందు పాట చివరి వాన చప్పుడు ఈ పాట మొదట్లోకి జారుతుంది. దాని మీద స్టేషన్ గంట, తర్వాత గిటార్, మొత్తం 18 బార్లు. ఆల్బమ్ వరసగా వినేవాడికి ఆ 48 సెకన్లు హాయి. యాప్‌లో పాట నొక్కినవాడికి మాత్రం ఎక్కడిదో తెలియని వాన. సింగిల్‌కి గిటార్ దగ్గర మొదలుపెట్టి 4 బార్లు ఉంచాం. రెండో ఇంటర్‌లూడ్‌లో, అంటే చరణానికి ముందు వచ్చే వాద్య భాగంలో, వయొలిన్ 24 బార్లు ఉంటే చివరి 8 మిగిల్చాం. చివర్లో ఫేడవుట్ తీసి ఒక ముగింపు పెట్టాం. రెండు చరణాలూ పూర్తిగా ఉన్నాయి, 4 నిమిషాల 21 సెకన్లు. వయొలిన్ కోసినందుకు ఆ అమ్మాయి కాసేపు మౌనంగా ఉంది. ఆల్బమ్‌లో అది మొత్తం ఉంటుందిగా అని తనకి తనే చెప్పుకుని సరేనంది. ఆ మాట నిజం కూడా. వాద్యకారులకి ఆల్బమ్ వెర్షన్ ఉండటమే న్యాయం.

అసలు పని రేడియో దగ్గర. సింగిల్ నుంచి ఇంకా నిమిషం పైగా తగ్గాలి. ఇంట్రో 2 బార్లు చేశాం, పల్లవి రెండుసార్లు కాకుండా ఒకసారి, మొదటి ఇంటర్‌లూడ్ 4 బార్లు. మొదటి చరణం 16 బార్లూ ఉంచాల్సిందే, ఆ నిష్ఠూరం లేకపోతే తర్వాతి సంబరానికి విలువుండదు. మిగిలింది రెండో చరణం. అందులో మొదటి సగం తీసి రెండో సగం ఉంచితే పాట మొత్తం 68 బార్లు, 3 నిమిషాల 1 సెకను. నిడివి లెక్క కుదిరింది. కానీ రెండు చిక్కులొచ్చాయి.

మొదటిది శ్రుతి. వయొలిన్ ఇంటర్‌లూడ్‌లో పాట ఒక స్వరం పైకెక్కుతుంది, డి నుంచి ఇ కి. చివరి 4 బార్లలోనే ఆ ఎక్కడం ఉంది కాబట్టి వాటిని ముట్టుకోలేదు. పల్లవి ముగిసిన చోట, డి లో ఉండగానే ఆ 4 బార్లలోకి దూకాలి. పూర్తయిన స్టీరియో మిక్స్ మీద కోస్తే దొరికిపోతాం. పల్లవి చివరి "వాన" మీద ఉన్న రివర్బ్, అంటే ఆ గొంతు వెనక సాగే ప్రతిధ్వని, ఠక్కున తెగిపోతుంది, దాని స్థానంలో ఎక్కడిదో వయొలిన్ తోక వినపడుతుంది. అందుకే స్టెమ్స్, అంటే గొంతు, డ్రమ్స్, బేస్, వయొలిన్ విడివిడి ఫైళ్ళు, అడిగి తెప్పించాను. డ్రమ్స్, బేస్ సరిగ్గా బీట్ మీద కోసి, గొంతు రివర్బ్‌ని మాత్రం దాని దారిన దాన్ని కరగనిచ్చి, వయొలిన్‌ని విల్లు దిశ మారే చోట పట్టుకుని మొదలుపెట్టాం. రేడియో ఎడిట్ చేయించుకోవాలనుకునేవాళ్ళు మిక్స్ అయిన రోజే స్టెమ్స్ తీసి దాచుకోండి. ఆర్నెల్ల తర్వాత ప్రాజెక్టు తెరిస్తే సగం ప్లగిన్లు పనిచేయవు.

రెండో చిక్కు మాటది. "అదే గొడుగు" అంటున్నాం, ఏ గొడుగు? ఆ సంగతి చెప్పిన సగాన్ని తీసేశాం కదా. రేడియోలో మొదటిసారి వింటున్నవాడికి 'అదే' గాలిలో వేలాడుతుంది. అబ్బాయికి ఇది చెప్పగానే అర్థమైంది. అక్కడే కూర్చుని రాసిచ్చాడు:

నీ గొడుగది, నీ నవ్వది

చూడటానికి చిన్న మార్పు. మాత్రలు కూడా సరిపోయాయి, అక్కడా ఆరు ఆరు, ఇక్కడా ఆరు ఆరు. పాడబోతే కుదరలేదు. పాత పాదంలో 'అ' పొట్టిది, బీట్‌కి ముందే తగిలి 'దే' బీట్ మీద పడేది. కొత్త పాదం దీర్ఘంతో మొదలవుతుంది. 'నీ'ని బీట్‌కి ముందు పాడితే తొందరపడినట్టుంది, సాగదీస్తే వెనకబడినట్టుంది. కొంతసేపు కుస్తీ పట్టాక ఎత్తుగడ మార్చాడు. ముందు అందుకోవడం మానేసి 'నీ'ని నేరుగా బీట్ మీదే దించాడు, 'గొడుగది'ని చకచకా నాలుగు లఘువులుగా వదిలాడు. నిజం చెప్పాలంటే పాతదాని కన్నా ఇది బాగుంది. ఆమె కనపడగానే మాట తడబడి పరిగెత్తినట్టు ఉంటుంది.

ఆ పాదం మళ్ళీ రికార్డు చేయాలి కాబట్టి అదే పూట ఇంకో పని ముగించాం. మొదటి చరణంలో స్టేషన్‌లో తిన్న బిస్కట్‌ని బ్రాండు పేరుతో అన్నాడు. ఆల్బమ్‌లో అది అందంగా ఉంది, అలాగే ఉంది. ప్రకటన కాని చోట బ్రాండు పేరు వినపడితే రేడియోకి ఇబ్బంది. 1970లో కింక్స్ బృందం 'లోలా' పాటలో కోకా-కోలా అన్న మాటకి బీబీసీ ఒప్పుకోకపోతే ఆ బృందం గాయకుడు రే డేవీస్ అమెరికా టూర్ మధ్యలో లండన్ వెళ్ళి దాన్ని 'చెర్రీ కోలా' చేసి పాడి వచ్చాడు. సింగిల్‌లో చెర్రీ కోలా, ఆల్బమ్‌లో కోకా-కోలా. మావాడు పెరంబూర్ నుంచి సాలిగ్రామం వచ్చాడు, అంతే తేడా.

కొత్త ముక్కని పాత పాటలో అతకడం ఓ పట్టాన తేలలేదు. మొదటి రికార్డింగు అతని పడకగదిలో దుప్పట్లు వేలాడదీసి చేసింది, ఇది నా బూత్‌లో చేసింది. మైకు అదే తెమ్మన్నాను. అయినా పాత గొంతులో 200 హెర్ట్జ్ చుట్టూ ఒక గది బరువు ఉంది, కొత్తదాంట్లో లేదు. పాత టేక్ నుంచి గాలి పీల్చుకున్న చప్పుడు తీసి కొత్త పాదానికి ముందు పెట్టాక అతుకు చాలావరకు మాయమైంది. మిగిలింది ఈక్వలైజర్‌తో సర్దాం. శ్రద్ధగా వినేవాళ్ళు పట్టేస్తారు, పట్టుకోనివ్వండి. ఒకే పాటకి రెండు టేక్‌లు ఉండటం కొత్త కాదు. బీటిల్స్ 'లవ్ మీ డూ' 1962లో మొదట వచ్చిన సింగిల్‌లో డ్రమ్స్ బృందంలోని రింగోవి. 1963 ఆల్బమ్‌లో ఉన్న టేక్‌లో డ్రమ్స్ బయటి డ్రమ్మర్ ఆండీ వైట్ వాయించాడు, రింగో చేతికి టాంబురిన్ వచ్చింది. టాంబురిన్ వినపడితే ఆల్బమ్ టేక్. 1970లో 'లెట్ ఇట్ బీ' సింగిల్‌కీ ఆల్బమ్‌కీ గిటార్ సోలోనే వేరు. ఏది అసలైనది అని అడిగితే, ఎవరు ఏది ముందు విన్నారో వాళ్ళకి అదే అసలైనది.

ఇక ధ్వని. దీని గురించి మనవాళ్ళలో చాలామందికి ఒక నమ్మకం ఉంది, రేడియోకి పంపే ఫైలు వీలైనంత గట్టిగా ఉండాలని. జరిగేది దానికి తలకిందులు. స్టేషన్‌లో ప్రాసెసర్ ఉంటుంది, ఎంత గట్టిగా పంపినా, ఎంత మెల్లగా పంపినా దాన్ని తన లెవెల్‌కే తెస్తుంది. ముందే నలిపేసిన ఫైలుని అది మళ్ళీ నలుపుతుంది, డ్రమ్స్ చచ్చుబడతాయి, గొంతు గరగరలాడుతుంది. ఆల్బమ్ మాస్టర్‌ని మైనస్ 10 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర ఉంచాం. ధ్వని ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత ఇది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టి. రేడియో ఫైలుని మైనస్ 14కి దించి, కిక్, స్నేర్ డ్రమ్ దెబ్బలకి ఊపిరాడేలా వదిలేశాను. కంపెనీ ఆయన మళ్ళీ ఫోన్ చేసి "చాలా మెల్లగా ఉంది మేడమ్" అన్నారు. గాలిలోకి వెళ్ళాక వినండి సార్ అన్నాను.

ఇంకోటి హైస్, అంటే సన్నటి పదునైన పై ధ్వనులు. ఎఫ్‌ఎమ్‌లో పంపేచోట హై ఫ్రీక్వెన్సీలని పెంచి పంపుతారు, రేడియో సెట్లు వాటిని అంతే తగ్గించి వినిపిస్తాయి. రేడియోలో వినపడే బుసబుస (హిస్) తగ్గడానికి ఈ ఏర్పాటు. మన దేశంలో దానికి 50 మైక్రోసెకండ్ల లెక్క, అంటే 3 కిలోహెర్ట్జ్ దాటాక పెంపు మొదలై 10 కిలోహెర్ట్జ్ దగ్గరకి వచ్చేసరికి 10 డెసిబెల్స్ అవుతుంది. పాటలో అప్పటికే పదునుగా ఉన్న 'స', 'చ', 'శ' ఆ పెంపుతో హద్దు దాటబోతాయి, ప్రాసెసర్ వాటిని అణచబోయి పక్కనున్న ధ్వనిని కూడా తొక్కేస్తుంది. ఇప్పుడు పల్లవి మళ్ళీ చదవండి: "నువ్వొస్తావని చెప్పింది". ఒక 'స్త', ఒక 'చె', పైగా పాటంతా తిరిగి తిరిగి వచ్చే పాదం. ఆల్బమ్‌లో ఆ పదును అందంగా ఉంటుంది, చెవి పక్కన చెప్పినట్టు. రేడియో ఫైలుకి మాత్రం ఇలాంటి పదును తగ్గించే డీ-ఎస్సర్‌ని ఆ రెండు అక్షరాల మీదే ఒక్కొక్క చోటా చేత్తో గీసి పెట్టాను. మొత్తం గొంతు మీద వేసేస్తే 'చెప్పింది' నత్తిగా వినపడింది.

కుడి ఎడమలు కలిసి ఒకటే ధ్వనిగా వినపడే మోనో సంగతి చూసుకోకపోతే వయొలిన్ అమ్మాయికి ఇంకో అన్యాయం జరిగేది. ఎఫ్‌ఎమ్‌లో కుడి ఎడమల తేడాని వేరుగా 38 కిలోహెర్ట్జ్ మీద ఎక్కించి పంపుతారు. సిగ్నల్ బలహీనపడితే ముందు చెడేది ఆ భాగమే, అందుకే కారు రేడియోలు వెంటనే మోనోకి జారుకుంటాయి. మిక్స్‌లో వయొలిన్లని వెడల్పుగా వినిపించడానికి ఒక వైడెనర్ వాడారు, అది ఒక వైపు ఫేజ్ తిప్పుతుంది, అంటే ధ్వని అలని తలకిందులు చేస్తుంది. మోనోలో కలిపి వింటే పల్లవి వెనక వయొలిన్లు దాదాపు లేవు. రేడియో వెర్షన్‌కి వైడెనర్ తీసేసి, రెండు టేక్‌లని మామూలుగా అటూ ఇటూ పెట్టాం. ఫోన్ స్పీకర్‌లో మోనో చేసి, ఆర్కాట్ రోడ్డు మీద మెట్రో పనుల హోరులో కారు అద్దాలు దించి విన్నాం. పల్లవి మాటలు అక్షరం పోకుండా అందాయి, వయొలిన్ అందింది, బేస్ సగం పోయింది. బేస్ పోతే పోనిమ్మన్నాను. ఆ రోడ్డు మీద ఏ పాటకీ బేస్ మిగలదు.

కాగితం పని ఒకటి చాలామంది వదిలేస్తారు. రికార్డింగుకి ఇచ్చే ఐఎస్‌ఆర్‌సీ కోడ్, ఆ 12 అక్షరాలు, పాటకి కాదు, ఆ ఒక్క రికార్డింగుకి. నిడివి మారిన ఎడిట్‌కి కొత్త కోడ్ ఇవ్వాలి. మూడింటికీ ఒకే కోడ్ పెడితే రేడియోలో ఏది పడిందో, యాప్‌లో ఏది నడిచిందో లెక్కలన్నీ కలగాపులగం అవుతాయి, కొన్నిసార్లు యాప్ వాళ్ళు ఆల్బమ్‌లో కూడా సింగిల్ ఫైలునే వేసేస్తారు. ఫైలు పేరులో వెర్షన్, నిడివి రెండూ రాశాం. 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్' అన్న పేర్లు నా గదిలో నిషేధం.

పాట గాలిలోకి వెళ్ళాక హైదరాబాద్ నుంచి వచ్చిన మెసేజ్‌లలో ఎక్కువమంది అడిగింది ఒకటే, "రేడియోలో విన్న 'నీ గొడుగది' యాప్‌లో ఎందుకు లేదు?" అని. దాంతో రేడియో వెర్షన్‌ని కూడా ఆ పేరుతోనే యాప్‌లలో పెట్టారు. అబ్బాయి కచేరీల్లో ఇప్పుడు రెండు చరణాలూ పూర్తిగా పాడుతూ, ఆ పాదం దగ్గర మాత్రం కొత్త మాటే పాడుతున్నాడు. గొడుగు సంగతి తెలిసినా 'నీ గొడుగది' అర్థానికి అడ్డు రాలేదు.

ఈ మధ్య ఎల్‌పీ, అంటే పెద్ద వినైల్ రికార్డు, వేయాలన్న ఆలోచన మొదలైంది. కథ ముగిసే పాట కాబట్టి మొదటి వైపు చివర్లో ఉండాలని అబ్బాయి కోరిక. రికార్డు లోపలికి పోయేకొద్దీ గాడి చుట్టు చిన్నదవుతుంది, సూది కింద గాడి కదిలే వేగం తగ్గుతుంది, హైస్ అరిగినట్టు వినపడతాయి. అక్కడ 'నువ్వొస్తావని చెప్పింది' నలిగిపోతుందని చెప్పి రెండో వైపు మొదట్లో పెట్టమన్నాను, ఒప్పుకున్నాడు. అప్పుడు ముందు పాట వాన మొదటి వైపే ఆగిపోతుంది, రికార్డు తిప్పాక ఈ పాటకి సొంత ఆరంభం కావాలి. వానని ఎన్ని బార్లు వినిపించాలా అని వచ్చే వారం కూర్చుంటున్నాం. దీనికీ ఫైలు వేరు, కోడ్ వేరు.